పెత్రమాస నాడు మొతేరాలో

2023 ఆగస్టు 9, బుధవారం. వరంగల్‌లోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ బండి స్టార్ట్ చేయబోతూ ఫోన్ చూశాడు. తమ్ముడి నుంచి మెసేజ్. రెండే ముక్కలు: ‘డేట్ మారింది.’

బండి దిగి, హాజరు పట్టీ అట్ట వెనక పెన్నుతో లెక్క వేసుకున్నాడు. అక్టోబర్ 13 రాత్రి వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 14 సాయంత్రానికి అహ్మదాబాద్. మ్యాచ్ మొదలయ్యేది 14 మధ్యాహ్నం రెండు గంటలకు. అంటే వాళ్లు దిగేసరికి సగం ఆట అయిపోతుంది. లెక్క మళ్లీ వేశాడు. అదే వచ్చింది.

ప్రపంచకప్ షెడ్యూల్‌లో తొమ్మిది మ్యాచ్‌ల తేదీలో వేళలో మార్చినట్టు ఐసీసీ ఆ రోజు ప్రకటించింది. అందులో భారత్–పాకిస్తాన్ మ్యాచ్ ఒకటి. 15న జరగాల్సింది 14కు వచ్చింది. 15న నవరాత్రులు మొదలు. ఆ రాత్రి గుజరాత్ మొత్తం గర్బా ఆడుతుంది, పోలీసు బందోబస్తు అంతా అటే కావాలి. కారణం సబబైనదే. కానీ నవరాత్రులు ఎప్పుడన్నది పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. షెడ్యూల్ వచ్చింది మాత్రం జూన్ 27న, ప్రపంచకప్‌కు సరిగ్గా వంద రోజుల ముందు. అంతకుముందు ఇంగ్లండ్‌లో జరిగిన 2019 కప్పుకు షెడ్యూల్ 2018 ఏప్రిల్‌లోనే వచ్చేసింది. ఏడాదికి పైగా వ్యవధి దొరికినవాడు టికెట్టు కొనే తీరు వేరు, వంద రోజులే చేతిలో ఉన్నవాడి తీరు వేరు. ఈ ఇంటివాళ్ల కథ ఆ వంద రోజులది. పేర్లు వద్దన్నారు కనుక వాళ్ల ఇంట్లో పిలుచుకునే వరసలే ఇక్కడా వాడుతున్నాను: బాపు, అమ్మ, పెద్దోడు, చిన్నోడు.

బాపుకు అరవై ఎనిమిదేళ్లు. పందొమ్మిదో ఏట అహ్మదాబాద్ వెళ్లాడు. అప్పట్లో వరంగల్, కరీంనగర్ పద్మశాలి ఇళ్లలో బొంబాయి, భీవండి, సూరత్, అహ్మదాబాద్ అన్న పేర్లు పక్క ఊరి పేర్లంత మామూలుగా వినిపించేవి. గోమతీపూర్‌లో ఒక చాలీలో చిన్న గది, నలుగురు మనుషులు, మిల్లులో మూడు షిఫ్టులు. 1987 మార్చి 7, శనివారం. అహ్మదాబాద్ మొతేరా స్టేడియంలో పాకిస్తాన్‌తో టెస్టు. ఇజాజ్ ఫకీహ్ బంతిని లేట్ కట్ చేసి సునీల్ గవాస్కర్ పదివేల పరుగులు పూర్తి చేసిన రోజు. టెస్టుల్లో ఆ అంకెను అందుకున్న మొదటి మనిషి అతనే. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. ఆ వేళ బాపు మిల్లులో సాంచా ముందు ఉన్నాడు. రాత్రి చాలీకి వచ్చాక, మొతేరా వెళ్లొచ్చిన ఒక గుజరాతీ కుర్రాణ్ని పట్టుకుని ఒక్కో బంతీ చెప్పించుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో గానీ, తర్వాత తన కొడుకులకు అది కళ్లారా చూసినట్టే చెప్పేవాడు. చిన్నోడు పదో తరగతికి వచ్చేదాకా బాపు నిజంగానే మొతేరాలో ఉన్నాడనుకున్నాడట.

మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. బాపు వరంగల్ తిరిగొచ్చాడు. మళ్లీ అటు పోలేదు.

అందుకే జూన్ 27న షెడ్యూల్ వచ్చి, భారత్–పాకిస్తాన్ మ్యాచ్ మొతేరాలోనే అని తెలిసినప్పుడు అన్నదమ్ములు ఒకరినొకరు అడగాల్సిన పనే లేకపోయింది. హైదరాబాద్ ఉప్పల్‌కు మూడు మ్యాచ్‌లు వచ్చాయి, మూడింటిలో ఒక్కటీ మన జట్టుది కాదు. మన జట్టు ఆట చూడాలంటే తెలుగువాళ్లు ఎటూ ఏదో ఒక బండి ఎక్కాల్సిందే.

ఆ రోజుల్లో రైల్వే రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరుచుకునేది. లెక్క ప్రకారం అక్టోబర్ రెండో వారం బండ్లకు బుకింగ్ జూన్ మధ్యలోనే మొదలైపోయింది. పైగా దసరా ముందటి రోజులు. అయినా ఆ సాయంత్రం పెద్దోడు నవజీవన్‌లో 13వ తేదీకి రెండు ఏసీ త్రీటైర్ బెర్తులు సంపాదించాడు. ఒకటి లోయర్. చెన్నై నుంచి అహ్మదాబాద్ దాకా రోజూ నడిచే ఈ బండి విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా వెళ్తుంది. గుజరాత్‌లో బతుకు వెతుక్కున్న తెలుగు నేతన్నల ఇళ్లలో దాని పేరు తెలియని పిల్లాడు ఉండడు. బాపు మొదటిసారి వరంగల్ వదిలిందీ రైల్లోనే. అందుకని పోయేటప్పుడు ఆ బండిలోనే పోవాలన్నాడు. వచ్చేటప్పుడు మాత్రం విమానం. బాపు అప్పటిదాకా విమానం ఎక్కలేదు. చిన్నోడు హైదరాబాద్‌లో ఉద్యోగి. 14న తాను విమానంలో అహ్మదాబాద్ వెళ్లడానికి ఒక టికెట్టు, 16న ముగ్గురూ తిరిగి రావడానికి మూడు టికెట్లు తీసేశాడు.

అప్పటికి మ్యాచ్ టికెట్లు అమ్మకానికే రాలేదు. ఎప్పుడు వస్తాయో కూడా చెప్పలేదు. ఆట చూస్తామో లేదో తెలియకుండానే ఆ ఊరికి దారి కొనుక్కున్నారు. దేశంలో ఆ వారం ఎన్నో ఇళ్లలో జరిగింది ఇదే. అహ్మదాబాద్‌లో హోటల్ అద్దెలు కొన్ని రెట్లు పెరిగిపోతే, ఆరోగ్య పరీక్షల పేరుతో ఆసుపత్రి పడకలు బుక్ చేసుకుంటున్నారని ఆ రోజుల్లో పేపర్లు రాశాయి. మనవాళ్లకు ఆ బాధ తప్పింది. చాలీలో బాపుతో కలిసి ఉన్న ఒక సిరిసిల్లాయన అక్కడే స్థిరపడ్డాడు. ఫోన్ చేస్తే ‘హోటల్ పేరెత్తితే మాట్లాడను’ అన్నాడు.

జూలై ఆఖర్లో, తేదీ మారుతుందట అని వార్తలు మొదలయ్యాయి. అవునని చెప్పేవాడు లేడు, కాదనేవాడూ లేడు. పెద్దోడి రెండు వారాల నిద్ర పోయింది అక్కడే. 13వ తేదీ టికెట్లు వదులుకుంటే, తేదీ మారకపోతే ఆ బెర్తులు మళ్లీ దొరకవు. ఉంచుకుని కూర్చుంటే, తేదీ మారిన నాటికి ముందు రోజుల బండ్లన్నీ నిండిపోతాయి. చిన్నోడు ఫోన్లో తేలిగ్గా చెప్పేశాడు:

“అన్నా, రెండు తారీఖులకూ తీసెయ్. ఒకటి క్యాన్సిల్ చేస్తే పోయేదేముంది? మనిషికి నూటెనభై.”

లెక్క సరైనదే. అప్పట్లో బండి బయల్దేరడానికి 48 గంటల ముందు రద్దు చేసుకుంటే ఏసీ త్రీటైర్‌కు మనిషికి 180 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. పెద్దోడు ఫోన్ తెరిచి తేదీ కూడా నొక్కాడు. గడపలో కూర్చుని పేపరు చదువుతున్న బాపు తల ఎత్తాడు.

“మనం పోని బండిల బెర్తులు మనం పట్టుకొని కూసుంటే, పోయేటోడు ఎట్ల పోతడురా?”

“అందరూ గట్లనే చేస్తున్నరు బాపూ.”

“చెయ్యనీ. పండుగ దినాలు. ఎవలో తల్లిని సూడ బోతరు, ఎవలో దవాఖాన్లకు పోతరు. వద్దు.”

పెద్దోడు ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆగస్టు 9న లెక్క తేలినప్పుడు అతనికి ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే. కోపం వచ్చిందా అని అడిగాను. ‘వచ్చింది. ఇంటికి పోయేదాకా ఉంది. గేటు తీసేసరికి లేదు’ అన్నాడు.

ఆ రాత్రి నవజీవన్‌లో 11వ తేదీ చూశాడు, 12వ తేదీ చూశాడు. రెండూ వెయిటింగే. వెయిటింగుల్లోనూ రకాలున్నాయి. బండి బయల్దేరే ఊళ్లో ఎక్కేవాళ్ల జాబితా చకచకా కదులుతుంది. నడిమి స్టేషన్లవాళ్లకు వేరే చిన్న కోటా, వేరే జాబితా. అది కదలడం చాలా నిదానం. వరంగల్ నుంచి ఎక్కేవాడు ఆ రెండో జాబితాలో నిలబడాలి. అప్పట్లో కౌంటర్‌లో కొన్న టికెట్ అయితే ఖాళీ ఉన్న తేదీకి ఒకసారి మార్చుకునే వీలుండేది, ఆన్‌లైన్ టికెట్‌కు అదీ ఉండేది కాదు. ఇక తత్కాల్. ప్రయాణానికి ముందు రోజు పొద్దున పదింటికి ఏసీ తరగతులు తెరుచుకుంటే రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోయే జూదం అది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని దాని మీద పెట్టి ఎట్లా తీసుకెళ్తాడు?

చిన్నోడి పక్క ఇంకా అన్యాయం. 14వ తేదీ విమానం అతనికి పనికిరాకుండా పోయింది. రద్దు చేస్తే, కోతలన్నీ పోను పన్నుల కింద కట్టిన చిల్లర తిరిగొచ్చింది. మ్యాచ్ తేదీ మార్చింది ప్రయాణికుడు కాదు. అయినా ప్రయాణికుడే రద్దు చేసుకున్నట్టు లెక్క కడతారు. దీన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మైదానం మారదు, ప్రసార హక్కులకు నష్టం ఉండదు, ప్రకటనలు ఒకరోజు ముందుకు జరుగుతాయి. ముందుగా, పొదుపుగా కొనుక్కున్న మనిషే ఆ ఒక్క రోజు ఖరీదు తన జేబులోంచి కడతాడు.

పెద్దోడు టైమ్‌టేబుల్ ముందేసుకుని కూర్చున్నాడు. తిన్నగా దారి లేకపోతే చుట్టుదారి. 12న పొద్దున కాజీపేటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున ముంబై. అక్కడ సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగి, టాక్సీలో ముంబై సెంట్రల్ చేరి, పొద్దుటి బండి పట్టుకుంటే 13 మధ్యాహ్నానికల్లా అహ్మదాబాద్. ఒక్క బండి బదులు రెండు బండ్లు, రెండు పీఎన్‌ఆర్‌లు. మొదటిది ఆలస్యమైతే రెండోది పోతుంది. కోణార్క్‌లో ఏసీ దొరకలేదు, స్లీపర్ దొరికింది. తీసుకున్నాడు. చిన్నోడు సికింద్రాబాద్‌లో అదే పెట్టెలోకి ఎక్కుతాడు. ఆ తర్వాతే నవజీవన్ టికెట్లు రద్దు చేశాడు. బాపుకు చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. ‘సరే తీయ్. బొంబాయి గూడ సూసినట్టైతది’ అన్నాడు.

అసలు మడత పేచీ అమ్మ దగ్గర వచ్చింది. గోడకున్న క్యాలెండర్ తీసి చూపించింది. 15 పాడ్యమి. 14 మహాలయ అమావాస్య, పెత్రమాస. పెద్దలకు బియ్యమిచ్చే రోజు. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ.

“పదిహేను అంటే పోండ్రి అన్న. పెత్రమాస నాడు ఇంటి పెద్ద ఇంట్ల లేకుంటే ఎట్ల? అత్తమామలు ఎవలి చేతి నీళ్లకు సూస్తరు?”

పంచాంగం చూసి గుజరాత్ పండుగ కోసం జరిపిన తేదీ, వచ్చి సరిగ్గా వరంగల్ ఇంటి పండుగ మీద పడింది. బాపు రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు అమ్మతో, బియ్యం నువ్వివ్వు, నువ్వులూ దర్భా మూట కట్టియ్యి, సబర్మతిలో నీళ్లు నేనొదులుతా అన్నాడు. అమ్మ ఆ మాటకు వెంటనే ఒప్పుకోలేదు. తర్వాత ఎప్పుడో మూట మాత్రం కట్టిపెట్టింది.

మ్యాచ్ టికెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, తలచుకుంటే పెద్దోడికి ఇప్పటికీ చెమట పడుతుంది. సెప్టెంబర్ 3న అహ్మదాబాద్ మ్యాచ్‌కు అమ్మకం. అన్నదమ్ములిద్దరూ రెండు ఊళ్లలో రెండు ఫోన్లతో గంటల తరబడి ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారు. క్యూ ముందుకు జరిగేసరికి అన్నీ అమ్ముడైపోయాయి. లక్షా ముప్పై రెండు వేల మంది పట్టే స్టేడియం అది. నెల రోజులు వాళ్ల దగ్గర రైలు టికెట్లు ఉన్నాయి, విమానం టికెట్లు ఉన్నాయి, ఆట టికెట్టు లేదు. మానేద్దామా అన్న మాట ఇద్దరి నోటి దాకా వచ్చి ఆగింది. అక్టోబర్ 8న మరో 14 వేల టికెట్లు మధ్యాహ్నం పన్నెండింటికి ఇస్తామని బీసీసీఐ చెప్పింది. ఆ రోజు చిన్నోడికి రెండు దొరికాయి.

మూడు కాదు. రెండు.

“నువ్వూ బాపూ పోండ్రి అన్నా. నేను అక్కడ టీవీల చూస్త.”

“టికెట్ తీసింది నువ్వు. నువ్వే పో.”

ఆ వాదన రైల్లో కూడా తెగలేదు.

12న కాజీపేట ప్లాట్‌ఫాం మీద బాపు తెల్ల అంగీ వేసుకుని నిలబడ్డాడు. భుజానికి సంచి, అందులో నువ్వుల మూట. సికింద్రాబాద్‌లో చిన్నోడు ఎక్కాడు, మూడు నీలం జెర్సీలు తెచ్చాడు. బాపు జెర్సీని అంగీ మీద పెట్టుకుని చూసుకుని మడిచి సంచిలో పెట్టాడు. రాత్రి బాపు పడుకున్నాడు, చిన్నోడు పడుకున్నాడు. పెద్దోడు సైడ్ లోయర్ మీద కూర్చుని ప్రతి స్టేషన్ పేరూ, ఫోన్లో ఆ స్టేషన్‌కు రావాల్సిన టైమూ పోల్చుకుంటూ గడిపాడు. పుణె. కల్యాణ్. బండి వేళకే చేరింది. చీకట్లో ముగ్గురూ టాక్సీ ఎక్కి ముంబై సెంట్రల్ చేరారు. అక్కడి ప్లాట్‌ఫాం అప్పటికే నీలంగా ఉంది. ఆ మ్యాచ్ కోసం ముంబై నుంచి ప్రత్యేక బండి కూడా వేశారు.

అహ్మదాబాద్ స్టేషన్‌ను ఊరివాళ్లు కాలూపూర్ అనే అంటారు. మధ్యాహ్నం అక్కడ దిగగానే బాపు ఆటో అబ్బాయితో గుజరాతీలో బేరం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ల తర్వాత. కొడుకులిద్దరూ నోరు తెరిచి చూశారు. బాపు నోట ఆ భాష వాళ్లెప్పుడూ వినలేదు. మ్యాచ్ టికెట్టు ఫోన్లో చూపిస్తే చెల్లదు, కౌంటర్‌లో కాగితం టికెట్టు తీసుకోవాలి. ఒక రోజు ముందు చేరాలన్న పంతం అందుకే. ఎండలో వరసలో నిలబడి తీసుకున్నారు. బాపు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

14 తెల్లవారుజామున సబర్మతి ఒడ్డు. బాపు తూర్పు తిరిగి, ఆపైన దక్షిణం తిరిగి, తల్లినీ తండ్రినీ పేరుపేరునా తలచుకుని నువ్వులూ నీళ్లూ వదిలాడు. వెనక వంతెన మీద నీలం జెర్సీల కుర్రాళ్లు అరుచుకుంటూ బైకుల మీద పోతున్నారు. అక్కణ్నుంచి వచ్చేటప్పుడు పెద్దోడు తేల్చేశాడు: “తమ్మీ, నువ్వు బాపు వెంబడి పో. మెట్రో ఎక్కుడు, గేటు ఎతుకుడు, ఆ గుంపుల బాపును పట్టుకొని నడుసుడు నీతోనే అయితది.” చిన్నోడు అన్న ముఖం చూసి ఇంకేం అనలేదు.

సిరిసిల్లాయన ఇంట్లో టీవీ ముందు పదిమంది చేరారు. పాకిస్తాన్ రెండు వికెట్లకు 155. ఆ స్కోరు దగ్గర సిరాజ్ బంతికి బాబర్ ఆజమ్ బౌల్డ్. అక్కణ్నుంచి 191కి అందరూ అవుట్. 42.5 ఓవర్లు. సాయంత్రం రోహిత్ శర్మ బాదుడు మొదలయ్యాక, ఇంటిల్లిపాదీ కేకలు పెడుతుంటే, పెద్దోడు ఫోన్ తీసి రైళ్ల యాప్ తెరిచాడు. ముందు రాత్రి వరంగల్‌లో తాము ఎక్కాల్సిన నవజీవన్ ఎక్కడుందో చూశాడు. అహ్మదాబాద్ దగ్గరికొచ్చింది. మార్చుకోలేకపోయినవాళ్లు అందులో ఎవరైనా ఉన్నారా, స్టేషన్ మెట్లెక్కుతూ స్కోరు అడుగుతున్నారా అనిపించింది. తమ రెండు బెర్తుల్లో ఎవరు పడుకుని వచ్చారో. ఇది నాకు చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది. అతను స్టేడియం బయట ఉండిపోయినందుకు కాదది. బాపు ఆ రోజు గడపలో అన్న మాట అప్పుడు అర్థమైందన్నాడు.

30.3 ఓవర్లలో ఆట ముగిసింది. ఏడు వికెట్లతో గెలుపు. రోహిత్ 63 బంతుల్లో 86. వరంగల్ నుంచి అమ్మ ఫోన్ చేసింది, వెనక బతుకమ్మ పాటలు. మొదటి ప్రశ్న నీళ్లొదిలారా అని. రెండోది బాపు తిన్నాడా అని. మెట్రో ఆ రోజు పొద్దుపోయేదాకా నడిపారు. బాపూ చిన్నోడూ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి కావచ్చింది. బాపు గొంతు పూర్తిగా పోయింది, సైగలతోనే మంచినీళ్లు అడిగాడు.

15 ఆదివారం. జూన్‌లో రాసుకున్న లెక్కలో మ్యాచ్ రోజు. చేతిలో ఏ పనీ లేదు, విమానం మరునాడు. గోమతీపూర్ పోయి చాలీ చూసొద్దామని పెద్దోడన్నాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. మొతేరా అన్నాడు.

“నిన్ననే గదా బాపూ చూసొచ్చినవ్?”

“నువ్వు సూడలేదు గద.”

ముగ్గురూ మెట్రో ఎక్కారు. పెట్టెలో గర్బాకు కొత్త బట్టలు, కర్రలు పట్టుకుని పోతున్న పిల్లలు తప్ప జనం లేరు. గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి పోనివ్వనన్నాడు. బాపు గుజరాతీలో ఏదో చెప్పినా ఒప్పుకోలేదు. ఆడవాళ్లు కొందరు ఖాళీ సీసాలు, కాగితపు జెండాలు గోనె సంచుల్లోకి ఎత్తుతున్నారు. కంచె పక్కన వేపచెట్టు నీడలో పెద్దోణ్ని నిలబెట్టి, బాపు చెయ్యి ఎత్తి స్టేడియం కప్పు వైపు చూపించాడు.

“అగో, ఆ మూల. అక్కడ కూసున్నం మేము. ఇటుదిక్కు నుంచి సిరాజ్ ఉరికొచ్చిండు. మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. అప్పటికి బాబర్‌కు యాభై. ముప్పయ్యో ఓవర్, నాలుగో బాల్...”

పూడుకుపోయిన గొంతుతోనే, ఒక్కో బంతీ, చెబుతూ పోయాడు. పెద్దోడు అడ్డు రాలేదు.